తోడేలు అని పేరు పెట్టబడిన బిడ్డ

వాక్యభాగములు: ఆదికాండము 35:16–20; యోహాను 10:1–15



మా పరిచర్యలో జరిగిన ఒక సంగతిని ముందుగా మీతో చెప్పుకొనవలసియున్నది. అందులో తప్పు మాదే గనుక చెప్పుటకు కొంత సిగ్గుగానే యున్నది.

కాలువగట్టునున్న ఒక చిన్న పల్లెలో మరుసటి ఆదివారము బాప్తిస్మపు ఆరాధన జరుగవలసియుండగా, శనివారము సాయంకాలమున ఒక తల్లి చంటిబిడ్డను చంకనెత్తుకొని మాయొద్దకు వచ్చినది. బిడ్డకు ఏమి పేరు పెట్టుదువమ్మా అని అడిగితిమి. ఆమె తల వంచుకొని, "పెంటయ్య అని రాయండి అయ్యగారూ" అన్నది. మాకు కోపము వచ్చినది. క్రీస్తునందు జన్మించు బిడ్డకు ఇదేమి పేరు? పరిశుద్ధ గ్రంథములో ఇన్ని పేర్లుండగా పెంటకుప్ప పేరే దొరికినదా? ఇది అవిశ్వాసము కాదా? ఈలాగు చాలసేపు మాటలాడితిమి. ఆమె అంతయు విని, బిడ్డ తలమీద కొంగు కప్పి, మెల్లగా అన్నది: "ముందు ఇద్దరికీ మీరే పెట్టారు గదండీ పేర్లు. ఒకడికి సమూయేలు అన్నారు, ఒకడికి దానియేలు అన్నారు. ఇద్దరూ కాలవగట్టున పండుకున్నారు."

మాకు నోట మాట లేకపోయెను.

ఈ పేరు యొక్క భావము మీకు క్రొత్త కాదు. పుట్టిన బిడ్డలు నిలువని ఇంటిలో, మరల బిడ్డ కలిగినప్పుడు ఆ పసికందును పెంటకుప్పమీద పడవేసినట్లు చేసి, వేరొకరిచేత ఎత్తించి, పెంటయ్య, పెంటమ్మ అని పిలుచుట మన పెద్దల వాడుక. పుల్లాకుల మీద, అనగా తిని పారవేసిన ఎంగిలి విస్తళ్ల మీద పొర్లించి పుల్లయ్య అనువారు కలరు. ఇరుగుపొరుగు వారియొద్ద బిచ్చమెత్తి, ఆ గింజలకు బిడ్డను కొన్నట్లు చేసి భిక్షమయ్య అనువారును కలరు. ఈ బిడ్డ ఎందుకును కొరగానివాడు, వీనిని ఎవరును కోరరు అని తోచినయెడల మృత్యువు గడప దాటి వెళ్లిపోవునని వారి ఆశ. దిష్టిచుక్క పెట్టుటలోను ఈ తలంపే యున్నది. నిండుగా ముద్దు వచ్చు ముఖము మీద ఒక మచ్చ పెట్టి, చూచు కంటిని ప్రక్కకు మళ్లించుట.

ఇది మన దేశపు అజ్ఞానమనియు, క్రైస్తవ దేశములలో ఇట్టిది లేదనియు మేమును చాలకాలము అనుకొంటిమి. అది నిజము కాదు. అందుకు ఒక మనుష్యుని పేరును, ఆయన చరిత్రను నేడు మీ యెదుట పెట్టగోరుచున్నాము.

ఐరోపా ఖండపు ఆగ్నేయ భాగమున సెర్బియా అను దేశము కలదు. అక్కడివారు స్లావు జాతివారు, వెయ్యి సంవత్సరములకు పైబడి క్రీస్తు నామము ధరించినవారు, ఆర్థడాక్సు సంఘమునకు చెందినవారు. వారిలో మగబిడ్డలకు పెట్టు పేర్లలో 'వూక్' అనునది మిక్కిలి ప్రాచీనమైనది. దాని అర్థము తోడేలు. రష్యనులు తోడేలును వోల్క్ అందురు, పోలండువారు విల్క్ అందురు. ఇవన్నియు ఒకే వేరునుండి మొలిచిన మాటలు. ఆ వేరు మనకు కూడ దూరమైనది కాదు. సంస్కృతములో తోడేలును వృకము అందురు గదా. భీముని తిండి చూచి వృకోదరుడు, అనగా తోడేలు కడుపువాడు, అనిరి. ఆ వృకమును ఈ వూక్‌ను ఒక తల్లి బిడ్డలే.

ఆ పేరు నుండి వూకాషిన్, వూకాన్ మొదలగు పేర్లును, వూకోవిచ్ అను ఇంటిపేరును పుట్టినవి. కొందరు శౌర్యము కోరి ఆ పేరు పెట్టియుందురు. అయితే ఆ దేశపు పల్లెలలో దానికి మరియొక కారణము ఉండెను. పసిబిడ్డలు వరుసగా చనిపోవుచుండగా, మంత్రగత్తెలు రాత్రివేళ వచ్చి వారిని తినివేయుచున్నారని ప్రజలు నమ్మిరి. మంత్రగత్తె ఎవరిమీదనైన పడును గాని తోడేలు మీద పడుటకు భయపడునట. కాబట్టి బిడ్డలు నిలువని తల్లి, పుట్టిన బిడ్డను తోడేలు అని పిలిచెడిది. 'నిలిచియుండుట' అను మాటనుండి వచ్చిన స్తోయాన్ అను పేరు కూడ ఇట్టి ఇండ్లలో పెట్టెడివారు. ఈ ఒక్కడైనను నిలువనిమ్మని తల్లి మొర.

చూచితిరా? మనవారు మృత్యువును మోసగింపజూచిరి, వారు దానిని బెదిరింపజూచిరి. ఉపాయములు వేరు గాని ఏడ్పు ఒక్కటే.

1787వ సంవత్సరమున ద్రీనా నదికి సమీపముననున్న తర్షిచ్ అను కుగ్రామములో, స్టెఫాన్, యెగ్దా అను రైతు దంపతులకు ఒక కుమారుడు కలిగెను. అప్పుడా ప్రాంతము తురుష్క సుల్తానుల యేలుబడిలో ఉండెను. అంతకుముందు ఆ దంపతులకు పుట్టిన బిడ్డలు బ్రదుకలేదు. గనుక వారు ఈ బిడ్డకు వూక్ అని పేరు పెట్టిరి. ఇది ఎవరో కల్పించిన కథ కాదు. ఆ బిడ్డయే పెరిగి పెద్దవాడై, 1818లో తన జనుల భాషకు ఒక నిఘంటువు వ్రాసి అచ్చు వేయించి, అందులో ఈ ఆచారమును వివరించుచు, తనకును ఈ కారణము చేతనే ఈ పేరు వచ్చినదని తానే వ్రాసికొనెను. ఆయనయే వూక్ స్టెఫానోవిచ్ కరాజిచ్. నేడు సెర్బియా దేశములో ఆయనను ఎరుగని బడిపిల్లవాడు ఉండడు.

ఆయన బాల్యము మన పిల్లల బాల్యము వంటిదే. పల్లెలో బడి లేదు, కాగితము లేదు. చదువు నేర్చిన బంధువొకడు అక్షరములు చెప్పగా, రెల్లుపుల్లను కలముగా చెక్కి, తుపాకిమందును నీళ్లలో కలిపి సిరాగా చేసి, తూటాలు చుట్టు కాగితము మీద వ్రాసి నేర్చికొనెను. తండ్రి చదువు నిమిత్తము త్రోనొషా అను మఠమునకు పంపగా, అక్కడ చదువుకంటె పశువులను కాయుటయే ఎక్కువ పని ఆయెను. తండ్రి అది చూచి, పశువులను కాయుటకైతే మన ఇంటనే కలవని మరల తీసికొనివచ్చెను. యౌవనములో వ్యాధి వలన ఒక కాలు ఎండిపోగా, జీవితాంతము కట్టెకాలు ఊతముగా నడిచెను. 1804లో మొదలైన సెర్బు జనుల తిరుగుబాటు 1813లో అణగిపోయినప్పుడు, ప్రాణము దక్కించుకొని వియన్నా పట్టణము చేరెను. అక్కడ యెర్నెయ్ కోపిటార్ అను పండితుడు ఆయనను చూచి, ఈ కుంటి పల్లెటూరివాని నోట ఒక జాతి భాషయంతయు ఉన్నదని గ్రహించి చేయూతనిచ్చెను.

ఆ దినములలో సెర్బుల గుడులలో చదువబడు గ్రంథములు ప్రాచీన స్లావు భాషలో ఉండెను. చదువుకొన్నవారు వ్రాయు పుస్తకములు సగము ఆ భాష, సగము ఈ భాష. పొలము దున్నువానికి, గొఱ్ఱెలు కాయువానికి అది చెవిని పడును గాని హృదయమున దిగదు. వూక్ ఏమి చేసెననగా, తన తల్లి మాటలాడిన భాషనే వ్రాతభాషగా నిలువబెట్టెను. ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క అక్షరము చొప్పున ముప్పది అక్షరములు ఏర్పరచెను. మన తెలుగువారికి ఇందులో వింత తోచదు. మన అక్షరమాలలో పలికినదే వ్రాయుచున్నాము గదా. వారికి అది పెద్ద విప్లవమే. పామరులు పాడుకొను పాటలను వందలకొలది ప్రోగుచేసెను. జర్మను మహాకవి గ్యోతే కూడ వాటిని మెచ్చుకొనెను. (ఆ కవి పేరు వోల్ఫ్‌గాంగ్. అందులోను ఒక తోడేలు ఉన్నది! పూర్వము ఐరోపా తల్లిదండ్రులకు ఆ జంతువు మీద ఎంత గురియో.)

అటు తరువాత క్రొత్త నిబంధనను ఆ ప్రజల భాషలోనికి అనువదించెను. అప్పుడు లేచిన తుపాను ఇంతంత కాదు. కార్లోవ్‌త్సీలో ప్రధానాధ్యక్షుడైన స్ట్రాటిమిరోవిచ్ ఆయనకు గట్టి విరోధి. దేవుని వాక్యమును పశువుల కాపరుల భాషలో పెట్టుట అపచారమని పెద్దలు అనిరి. క్రొత్త లిపిలో ఒక అక్షరము లాటిను వర్ణమాలనుండి తీసికొనబడినందున, ఇది మన విశ్వాసమును చెడగొట్టు కుట్రయనిరి. అధ్యక్షులందరు అట్టివారే యని మేము చెప్పుట లేదు. లుకియాన్ ముషిత్స్కీ అను సన్యాసి, మోంటెనీగ్రో అధ్యక్షుడైన న్యేగోష్ మొదలగువారు ఆయనకు స్నేహితులుగా నిలిచిరి. అయినను ఆ అనువాదము సిద్ధమైన తరువాత పాతిక సంవత్సరములకు పైగా అచ్చుకొరకు వేచియుండి, 1847లో వియన్నాలో సంపూర్ణముగా వెలువడెను. 1832లో సెర్బియా ప్రభుత్వము ఆయన లిపిలో పుస్తకములు అచ్చువేయకూడదని నిషేధము పెట్టెను. అది పూర్తిగా తొలగిపోయినది 1868లో. ఆయన 1864లోనే కన్నుమూసెను. ఆ 1868లోనే ఆయన శిష్యుడు దానిచిచ్ అనువదించిన పాత నిబంధనతో కలిసి, ఆయన క్రొత్త నిబంధన ఒక్క సంపుటముగా సెర్బు జనుల చేతికి వచ్చెను.

ఇక్కడ మేము కొంతసేపు ఆగి తలపోసితిమి. తల్లి భయముచేత తోడేలని పిలిచిన బిడ్డ, మఠములో పశువులు కాసిన బిడ్డ, పెరిగి పెద్దవాడై యోహాను సువార్త పదియవ అధ్యాయమును తన చేతితో తన జనుల భాషలో వ్రాసెను. మంచి కాపరిని గూర్చియు, తోడేలును చూచి పారిపోవు జీతగానిని గూర్చియు ఉన్న ఆ మాటలు వ్రాయుచు, తోడేలు అను చోటికి వచ్చినప్పుడు వ్రాయవలసిన మాట ఏది? వూక్. తన పేరే. ఆ క్షణమున ఆయన కలము ఒక్కసారి నిలిచెనో లేదో దేవునికే యెరుక.

అయితే ప్రియులారా, ఆయన చరిత్రలో ఇంకొక పుట కలదు. అది చెప్పకపోయినయెడల ఆ తల్లికి మేము న్యాయము చేసినవారము కాము. వియన్నాలో ఆయన అన్నా క్రౌస్ అను స్త్రీని వివాహమాడెను. వారికి పదముగ్గురు బిడ్డలు కలిగిరి. వారిలో తండ్రికి మిగిలినవారు ఇద్దరే: మినా అను కుమార్తె, దిమిత్రియే అను కుమారుడు. తక్కిన పదునొకండుగురిని ఆ తలిదండ్రులు పాతిపెట్టిరి. తోడేలని పేరు పెట్టబడినవాడు బ్రదికెను. అతడు ఆ పేరు వలన బ్రదుకలేదు. ఆ పేరులో రక్షించు బలమే యున్నయెడల, ఆ పేరు గలవాని ఇంటి గడప అన్నిసార్లు మృత్యువు దాటునా?

గిద్యోను దినములలో మిద్యానీయుల అధిపతులు ఇద్దరుండిరి, ఓరేబు, జెయేబు అని. హెబ్రీ భాషలో ఓరేబు అనగా కాకి, జెయేబు అనగా తోడేలు. ఆ జెయేబు ద్రాక్షతొట్టి యొద్ద చంపబడెనని న్యాయాధిపతులు 7:25లో చూతుము. తోడేలు పేరు వానిని కూడ కాపాడలేదు.

మరి రాహేలు సంగతి చూడుడి. బేతేలునుండి ఎఫ్రాతాకు పోవు త్రోవలో ఆమెకు ప్రసవవేదన కలిగెను. ప్రాణము పోవుచుండగా బిడ్డకు బెనోని, నా దుఃఖపుత్రుడు, అని పేరు పెట్టెను. యాకోబు ఆ పేరు ఒల్లక బెన్యామీను, కుడిచేతి కుమారుడు, అనెను. పేరు మారినది గనుక రాహేలు బ్రదికెనా? లేదు. యాకోబు ఆమె సమాధిమీద స్తంభము నిలిపి ముందుకు సాగెను. పేరు మార్చుటలో యాకోబు మంత్రము వేయలేదు. చావు నోటినుండి వచ్చిన మాట ఈ బిడ్డను జీవితాంతము వెంటాడకూడదని మాత్రమే కోరెను. వింత ఏమనగా, ఆ యాకోబే తన మరణశయ్యమీద ఈ బెన్యామీనును చీల్చునట్టి తోడేలుతో పోల్చెను (ఆదికాండము 49:27). ఆ గోత్రములోనే తార్సువాడైన సౌలు పుట్టి, ఇంటింట జొచ్చి సంఘమును చీల్చెను. దమస్కు త్రోవలో కాపరి ఆ తోడేలును పేరు పెట్టి రెండుమారులు పిలిచెను. అతడు లేచి మందను మేపుటకు పోయెను.

కాపరి పేరు పెట్టి పిలుచునను ఈ మాటయే మాకు ఆ తల్లి విషయమై వెలుగునిచ్చినది. యోహాను 10:3లో ప్రభువు తన గొఱ్ఱెలను పేరుపేరున పిలుచునని చెప్పుచున్నాడు. మేము ఆ బిడ్డలకు సమూయేలు, దానియేలు అని పేర్లు పెట్టినప్పుడు, ఆమె వాటిని కంచెగా భావించినది. పరిశుద్ధ గ్రంథపు పేరు గదా, తాయెత్తుకంటె గట్టిదని అనుకొన్నది. కంచె విరిగినప్పుడు పేర్లు వ్యర్థమైనవని అనుకొన్నది. తప్పు ఆమెది కాదు. బాప్తిస్మపు పేరు ఎందులకో మేము ఏనాడును ఆమెకు విప్పి చెప్పలేదు. పేరు పిలుచుట కొరకు. యాయీరు ఇంటిలో చిన్నదాని చెయ్యి పట్టుకొని పిలిచినవాడు, కాలువగట్టున నున్న ఆ ఇద్దరిని ఏమని పిలుచును? సమూయేలూ అని, దానియేలూ అని పిలుచును. ఆ పేర్లు ఆయన మరచిపోలేదు. మనుష్యులు మరచినను, ఆ మట్టిదిబ్బలు వానలకు కరిగి చదునైనను.

అయినను, కాపరి ఉండగా ఈ గొఱ్ఱెపిల్లలు ఎందుకు పోయినవి అని ఆమె అడిగినయెడల, మాయొద్ద జవాబు ఉన్నదని చెప్పము. కాపరి తోడేలును చూచి పారిపోలేదనియు, తానే దాని కోరలకు ఎదురు నిలిచి ప్రాణము పెట్టెననియు మాత్రము చెప్పగలము. హెబ్రీ పత్రిక రెండవ అధ్యాయము 14, 15 వచనములు చదువుడి. మరణభయముచేత బ్రదుకంతయు దాస్యములో ఉన్నవారిని గూర్చి అక్కడ వ్రాయబడియున్నది. పెంటయ్య అను పేరు పలికించునది ఆ భయమే. వూక్ అను పేరు పలికించినదియు ఆ భయమే. దానిని గద్దించుటకు ప్రభువు రాలేదు, దానినుండి విడిపించుటకు వచ్చెను. మేము ఆ శనివారము సాయంకాలమున గద్దించితిమి.

ఒక్క విషయములో మాత్రము ఇప్పటికిని గద్దించుచున్నాము, వినుడి. బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు తాయెత్తు కట్టి, దిష్టి తీసి, రెండు మూడు దినములు చూచి, అటుపిమ్మట ఆసుపత్రికి కొనిపోవువారు మన సంఘములలో ఇంకను కలరు. విరేచనములకు ఉప్పు పంచదార కలిపిన నీళ్లు పట్టవలెనని తెలిసియు పట్టనివారు కలరు. టీకా వేయు నర్సమ్మ వచ్చినప్పుడు బిడ్డ ఏడ్చునని లోపల దాచువారును కలరు. ఆ దినములలో వియన్నా వంటి మహాపట్టణములోనే పదునొకండుగురు బిడ్డలను పోగొట్టుకొన్న తండ్రికి ఈ మేలులు లేవు. మనకు దేవుడు ఇచ్చియున్నాడు. వాటిని త్రోసివేయుట విశ్వాసము కానేరదు.

ఆ తల్లి సంగతి ముగించెదము. మరునాడు ఉదయము ఆరాధనకు ముందే మేము ఆమె ఇంటికి పోతిమి. క్రింద చాపమీద కూర్చుండి, ముందుగా క్షమించుమని అడిగితిమి. తరువాత యోహాను పదియవ అధ్యాయము చదివి, ఈ తోడేలు పేరుగల మనుష్యుని కథ చెప్పితిమి. దొరల దేశములో కూడ ఈలాగు పేర్లు పెట్టుకొంటారా అని ఆమెకు ఆశ్చర్యము. ఆయన తల్లి పేరేమి అని అడిగినది. యెగ్దా అని చెప్పితిమి. ఆ పేరును రెండుమూడుసార్లు నోటిలో తిప్పుకొన్నది. ఆమెకు ఆ కథలో కావలసినది ఆ ఒక్క పేరే యని మాకు తోచినది.

అటుతరువాత అత్తగారు లోపలనుండి, పెంటయ్య అని పిలవడం మానేస్తే బిడ్డకు ఏమన్నా అయితే ఎవరిది పూచీ అని అడిగినది. మేము మాటలాడకమునుపే ఆ తల్లి అన్నది, "ఇంట్లో మీరు ఎట్లా పిలుచుకుంటారో పిలుచుకోండి అత్తా. గుళ్లో మాత్రం బెన్యామీను అని రాయిస్తాను." ఆ పేరు ఆమెయే ఎన్నుకొన్నది, మేము చెప్పలేదు. అది ఆమె చెవిని ఎప్పుడు పడెనో, రాహేలు కథ ఆమె ఎన్నిమారులు తలపోసికొనియుండెనో మేము అడుగలేదు.

ఆ దినమున సంఘపు రిజిస్టరులో బెన్యామీను అని వ్రాసితిమి. పుట తిరుగవేయగా, ముందటి సంవత్సరముల వరుసలలో మా చేవ్రాతతోనే సమూయేలు, దానియేలు అని కనబడినవి. ఆమెకు చదువు రాదు. ఏ వరుసలో ఉన్నవో చూపుమని అడుగగా, ఆమె వ్రేలు పట్టి ఒక్కొక్క పేరు మీద ఉంచితిమి.